నెగటివ్ లేని పెళ్ళికొడుకు

మియాపూర్‌లో మా ఎదురు ఫ్లాట్ పుణ్యవతిగారిని నమ్మించడం కన్నా డిపోలోని బస్సులన్నిటినీ వేళకు నడపడం సులువని మా ఆయన అనేవారు. ఆయన ఉద్యోగం ఆ డిపోలోనే కాబట్టి రెండు సంగతులూ ఆయనకు తెలుసు.

నేను ఆవిడను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. మనిషి మంచిది. వేళకాని వేళ చుట్టాలొస్తే తన ఇంట్లో కూర గిన్నెతో సహా తెచ్చి నా పొయ్యి పక్కన పెట్టేది. కానీ అనుమానం ఆవిడకి ఊపిరి. పాలవాడు పోసిన పాలలో వేలు ముంచి ఆ చుక్క గోరు మీద నిలుస్తుందో జారుతుందో చూస్తే తప్ప గిన్నె లోపలికి తీసుకెళ్ళేది కాదు. కొబ్బరికాయను చెవి దగ్గర ఊపి, నాకిచ్చి నన్నూ ఊపమనేది, తన చెవి మీద కూడా పూర్తి నమ్మకం లేక. ఇంట్లో ఫోన్ ఉన్నా ముఖ్యమైన మాటలు మా ఇంటికొచ్చి మా ఫోన్‌లో మాట్లాడేది. తన లైన్లో ఎవరో వింటారట. మా లైన్లో ఎందుకు వినరని అడిగితే, “మీ ఇంట్లో వినదగ్గ మాటలు ఏముంటాయి సౌజన్యా” అంది. నాకు ఒళ్ళు మండింది కానీ అదీ నిజమే.

టైలర్లు గుడ్డ మిగుల్చుకుంటారని మరో అనుమానం. అందుకే కూతురు రసజ్ఞ బట్టలన్నీ తనే కుట్టేది. ఒకసారి చిలకపచ్చ చుడీదార్ కుట్టి, చున్నీ కోసం తన పాత వెంకటగిరి చీర కత్తిరించింది. పసుపు రంగు చీర, ఎర్రంచుతో సహా. ఆ జత లోకంలో ఇంకెక్కడా ఉండే అవకాశం లేదు. ఆ పిల్ల అది వేసుకుని హైటెక్ సిటీ బస్సు కోసం రోడ్డు దాటుతుంటే, మేం బాల్కనీలోంచి చూసి, “ఇంత దూరంలో ఉన్నా ఫలానా అని తెలిసిపోతుంది” అని నవ్వుకునేవాళ్ళం. రసజ్ఞ కూడా నవ్వేది. అమ్మ కుట్టిందని ఇష్టంగానే వేసుకునేది.

ఆవిడ అనుమానానికి ఒక పుట్టుక ఉంది. అది తెలిశాక నాకు ఆవిడ మీద చిరాకు సగం తగ్గింది.

వాళ్ళది గుడివాడ దగ్గర పల్లె. అక్కయ్య వీరలక్ష్మికి సంబంధం వచ్చినప్పుడు మగపెళ్ళివారు పోస్టుకార్డంత ఫోటో పంపారు. చక్కటి ముఖం, చక్కటి కళ్ళు. పెళ్ళిపీటల మీద తెర తీశాక తెలిసింది, పెళ్ళికొడుకు ఎడమ కంట్లో పువ్వు ఉందని. స్టూడియోవాడు నెగటివ్ మీద సన్నటి కత్తిమొనతో గీకి దిద్ది, ఆ తెల్లటి మచ్చను మాయం చేశాడు. మధ్యవర్తికి తెలుసు. మేనమామకు తెలుసు. ఆఖరికి బాజాభజంత్రీల వాళ్ళకు కూడా తెలుసట. ఆ బావగారు తర్వాత అక్కయ్యను బాగానే చూసుకున్నాడు. కానీ ఆవిడ పుట్టింటికొచ్చినప్పుడల్లా చెల్లెలి ఒళ్ళో తల పెట్టుకుని, “కన్ను గురించి కాదే నా ఏడుపు. అడిగితే ఒప్పుకునేదాన్నే. అందరికీ తెలుసు, నాకు తప్ప. అదీ నా ఏడుపు” అనేదట. ఈ మాట చెబుతూ పుణ్యవతిగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను కూడా కళ్ళు తుడుచుకున్నాను.

అప్పటినుంచి ఆవిడ ఒక నియమం పెట్టుకుంది. పెళ్ళి ఫోటో చిన్నదైతే నమ్మకూడదు. నెగటివ్ తెప్పించి, పెద్దది కడిగించి, ముఖం మీద అంగుళం అంగుళం వెతకాలి. దానికి సాధనం కూడా ఇంట్లోనే ఉంది. భర్త యజ్ఞనారాయణగారు బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో పోత సామాను పరీక్ష చేసేవారు. ఇనుములో సన్నటి బీటలు వెతికే భూతద్దం ఆయన సంచిలో ఉండేది. ఆయన పగలు దానితో బీటలు వెతికితే ఆవిడ సాయంత్రం అల్లుళ్ళలో వెతికేది.

ఒకసారి నిజంగానే దొరికింది కూడా. ఓ అబ్బాయి నుదుటి మీద జుట్టు మొదలయ్యే గీత మరీ తిన్నగా ఉందని వద్దంది. మూడోవాళ్ళ ద్వారా ఆరా తీస్తే అది విగ్గు అని తేలింది. ఇక ఆవిడను పట్టలేకపోయాం. ఆ తర్వాత ఒకడి చెంప మీద దీపం నీడను పుట్టుమచ్చ అంది, ఇంకొకడి మెడ దగ్గర మడతను కణితి అంది. రసజ్ఞ ఇరవైల చివరికి వస్తోంది. ప్రతి ఫోటో ముందూ ఆ పిల్ల టీ కప్పుతో నిలబడి, తల్లి భూతద్దం వెనక పెద్దదైన కంటిని చూస్తూ ఉండేది. ఏమీ అనేది కాదు. ఆ ఏమీ అనకపోవడం నాకు నచ్చేది కాదు.

తొంభై తొమ్మిదిలో సంబంధాలు చూసే పుల్లయ్యగారు సురేంద్ర ఫోటో తెచ్చారు. మనవాళ్ళే, చిత్తూరు వైపు, హైటెక్ సిటీలో కంప్యూటర్ ఉద్యోగం. ఫోటోలో అబ్బాయి అద్దాల గోడ ముందు ఓ పక్కగా నిలబడి ఉన్నాడు. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. కాళ్ళకు చెప్పులు లేవు. మిలమిల్లాడే ఆ గోడ ముందు ఒట్టి కాళ్ళతో నిలబడిన ఇంజనీరును చూసి నాకు నవ్వాగలేదు.

పుణ్యవతిగారు నవ్వలేదు. కళ్ళజోడు తీసిన కళ్ళు, చేతులు, అరికాళ్ళు నేలకు ఆనినట్టు నిలువెత్తు ఫోటో. ఆవిడ ప్రతి సంబంధంలోనూ పుల్లయ్యగారి చేత ఇవే అడిగించి, రెండోసారి ఫోటో తెప్పించేది.

“పుల్లయ్యగారూ, నేనడక్కముందే ఈ అబ్బాయి చెప్పులెందుకు విప్పాడండీ?”

“మీ పేరు చిత్తూరు దాకా పాకిందేమోనండీ.”

“వేళాకోళం కాదు. నా మనసులో మాట వాళ్ళకి ఎవరో చేరవేశారు.” ఆవిడ చూపు నా మీదికి వచ్చింది. నేనేం చెయ్యను, నా కాఫీ నేను తాగాను.

తర్వాత భూతద్దం పెట్టింది. పెట్టి, ఉలిక్కిపడి తీసేసింది. “ఇలా రా సౌజన్యా, చూడు.” చూశాను. ముఖం నిండా చుక్కలు. పసుపు, నీలం, ఎరుపు. మామూలు ఫోటోలో ఎంత పెద్దది చేసినా చర్మం చర్మంలాగే ఉంటుంది. ఇక్కడ చెంప లేదు, ముక్కు లేదు, అన్నీ రంగు చుక్కలే.

“ఇది ఫోటో కాదండీ, ముగ్గు. నెగటివ్ తెప్పించండి” అంది ఆవిడ.

రెండు రోజుల తర్వాత పుల్లయ్యగారు జేబులోంచి నల్లటి పలక ఒకటి తీశారు. ఫ్లాపీ అట. “నెగటివ్ లేదటండీ. డిజిటల్ కెమెరా అట. వాళ్ళ ఆఫీసులో అమెరికా నుంచి తెప్పించారట. దాంట్లో రీలు ఉండదు. ఫోటో దీన్లో ఉందట.”

పుణ్యవతిగారు ఆ పలకను కిటికీ దగ్గర వెలుతురుకు పట్టింది. ఏమీ కనపడలేదు. దాని రేకు మూత జరిపి లోపలికి తొంగిచూసింది. “రీలు లేకుండా ఫోటో ఎలా వస్తుందండీ? అసలు నెగటివే లేదంటే ఇక దిద్దారో లేదో ఎలా తేల్చుకుంటాం?” అంది. తర్వాత వంటింట్లోకి కేకేసింది. “రసజ్ఞా, ఇలాంటి కెమెరాలు నిజంగా ఉన్నాయిటే?”

రసజ్ఞ గుమ్మంలోకి వచ్చింది. “ఉన్నాయమ్మా. మా ఆఫీసులో కూడా ఉంది.” తిరిగి లోపలికి వెళ్ళబోతూ, “పెద్దది చేయించకమ్మా. దాంట్లో ఉన్నవే కాసిని చుక్కలు. చిన్న ఫోటోకి సరిపోతాయి, పెద్దదానికి చాలవు. బాగుండదు” అంది.

అది అనకుండా ఉండాల్సింది. పెద్దది చేయించవద్దన్నాక పుణ్యవతిగారిని ఆపడం బ్రహ్మతరం కాదు. పెద్దది చేస్తే బయటపడేది ఏదో ఉందన్నమాట అని ఆవిడ అప్పుడే తీర్మానించేసింది. మామూలుగా అచ్చు పుస్తకమంత కడిగించేది, ఈసారి నిలువెత్తు కావాలంది.

మేం ఎప్పుడూ వెళ్ళే స్టూడియో రంగనాథ్‌ది. మియాపూర్ వాడే, పెళ్ళికీ తద్దినానికీ ఫోటోలు తీసి తల నెరిసినవాడు. ఫ్లాపీ చూసి తల గోక్కున్నాడు.

“అమ్మా, గిది నా తోని కాదు. నా మిషిన్ల నెగటివే పడతది. బాలానగర్‌ల ఒకాయన బట్ట మీద బ్యానర్లు అచ్చేసే మిషిన్ తెచ్చిండు, ఆడ చేయిస్త. కానీ జర నా మాట ఇను. గింత ఫోటోను గంత పెద్దగ చేస్తే ఏం కనపడది.”

“ఎందుకు కనపడదు? పెద్దది చేస్తే ఇంకా బాగా కనపడాలి కదా?”

“గరిటెడు పిండి ఉన్నదనుకో. చిన్న పెనం మీద పోస్తే దోసె అయితది. గదే పిండి పెద్ద పెనం నిండ పరిస్తే? చిల్లులు పడతయి. పిండి అంతే ఉన్నది కదమ్మా, యాడికెళ్ళి తెస్తవు? ఇగ నీ ఇష్టం, నాకేం ఫికర్ లేదు.”

బయటికి రాగానే పుణ్యవతిగారు నా చెయ్యి పట్టుకుంది. “చూశావా, వీడు కూడా వద్దంటున్నాడు. అబ్బాయి తరఫువాళ్ళు వీడి దగ్గరికి కూడా వచ్చి వెళ్ళినట్టున్నారు.” నేను రోడ్డు దాటేదాకా నోరు మెదపలేదు. మెదిపితే పోట్లాట అయ్యేది.

శనివారం సాయంత్రం రంగనాథ్ చాపలా చుట్టిన బట్టను స్కూటరు ముందు నిలబెట్టుకుని వచ్చాడు. వాళ్ళ హాల్లో తలుపుకి ఎదురుగా ఉన్న గోడ మీద కేలండర్లు తీసేసి, ఆ మేకులకే తగిలించాం. గది పొడవు మా వంటిల్లంత కూడా ఉండదు. మేం గోడకు ముక్కు ఆనించినట్టే నిలబడ్డాం.

అబ్బాయి కనపడలేదు. ఉన్నవి గళ్ళు. చాక్లెట్ రంగువి, గోధుమ రంగువి, బూడిద రంగువి, పక్కపక్కనే అతికించిన కాగితం ముక్కల్లాంటివి. ముక్కు మెట్లు మెట్లుగా ఉంది. నోరు ఒక వంకర గీత. భుజం పక్కన అద్దంలో ఆకుపచ్చా పసుపూ కలిసిన ముద్ద ఒకటి ఉంది, ఆఫీసు గుమ్మంలో పూలకుండీ కాబోలు అనుకున్నాం. పుణ్యవతిగారు కుర్చీ ఎక్కి కళ్ళ దగ్గరికి వెళ్ళింది. కుడి కన్ను నాలుగైదు నల్లటి గళ్ళు. ఎడమ కంట్లో, ఆ నలుపు నడిమధ్యన, ఒక గడి తెల్లగా ఉంది.

ఆవిడ కుర్చీ దిగలేదు. కుర్చీ మీదే కూలబడింది. కేకలేస్తుందని చూశాను. కేకలెయ్యలేదు. “అక్కయ్యా” అంది, అంతే. ఆ తెల్లగడి ఉత్త వెలుగో మచ్చో నాకు మాత్రం ఏం తెలుసు? ఆ క్షణాన నాకూ అది పువ్వులాగే కనపడింది.

“అది పువ్వు కాదమ్మా. వెలుగు తగిలి మెరిసింది. అతని కన్ను బాగానే ఉంది” అంది రసజ్ఞ.

“నీకెలా తెలుసే?”

రసజ్ఞ గోడ మీంచి తీసిన కేలండర్లు సర్దసాగింది. సర్దుతూనే, “డిజిటల్ ఫోటోలు అలాగే వస్తాయి” అంది. తల్లి తల అడ్డంగా ఊపి, “రేపు పొద్దున్నే పుల్లయ్యగారికి వద్దని చెప్పేస్తాను” అంది. అప్పుడా పిల్ల ఎన్నడూ లేనంత నెమ్మదిగా, “చెప్పెయ్యి. కానీ ఇదే ఆఖరు. ఇక నాకు ఎవరి ఫోటో చూపించొద్దు, ఏ సంబంధం వద్దు” అని తన గదిలోకి వెళ్ళిపోయింది. యజ్ఞనారాయణగారు భార్యను చూసి, గోడను చూసి, చెప్పులేసుకుని కిందకి వెళ్ళారు. ఆయన తీర్పులన్నీ చెప్పులేసుకోవడంతోనే తేలేవి.

మర్నాడు పొద్దున్నే, రసజ్ఞ గుడికి వెళ్ళిన సమయంలో, పుణ్యవతిగారు మా ఇంటికొచ్చింది. ముఖ్యమైన మాట కదా, మా ఫోనే కావాలి. మా ఫోన్ వంటింటి గోడకు ఉంటుంది, ఇంటికి ఆ చివర. ఆవిడ నంబరు తిప్పి, రిసీవర్ చెవికి ఆనించుకుని, గోడకు జారబడి వీధి గుమ్మం వైపు తిరిగింది.

మా గుమ్మం తలుపు తీసే ఉంది. మధ్యలో వరండా. అవతల వాళ్ళ తలుపూ తీసే ఉంది. దానికి ఎదురుగా గోడ.

ఆవిడ ముఖంలో ఏదో మారింది. చేతిలో పప్పు గరిటెతోనే నేను పక్కకొచ్చి, ఆవిడ చూపు వెంట చూశాను. గోడ మీద గళ్ళు లేవు. ఒక అబ్బాయి ఉన్నాడు. చక్కగా, తేటగా, ఒట్టి కాళ్ళతో, ఎవరో బలవంతంగా నిలబెడితే నిలబడినట్టు సిగ్గుపడుతూ ఉన్నాడు. రెండు కళ్ళూ నిండుగా ఉన్నాయి. ఎడమ కంట్లో తెల్లటిది ఉత్త మెరుపు, ఎండలో ఎవరికైనా ఉండేది. నవ్వు ఆపుకుంటూ కెమెరాను కాదు, కెమెరా వెనక మనిషిని చూస్తున్నాడు.

ఆ మనిషి కూడా ఉంది. అతని భుజం పక్కన అద్దంలో, పూలకుండీ అనుకున్న చోట. మోచెయ్యి పైకెత్తి, ముఖానికి కెమెరా అడ్డం పెట్టుకుంది. ముఖం తెలియడం లేదు. తెలియనక్కర్లేదు. చిలకపచ్చ చుడీదార్, పసుపు చున్నీ, దాని చివర సన్నగా ఎర్రంచు.

రిసీవర్లోంచి పుల్లయ్యగారు హలో హలో అంటున్నారు. పుణ్యవతిగారు దాన్ని నా చేతిలో పెట్టి నడిచింది. వరండాలోకి వెళ్ళేసరికి బొమ్మ చెదరడం మొదలైనట్టుంది, ఆగింది. తన హాల్లోకి అడుగుపెట్టి గళ్ళను చూసింది. మళ్ళీ వెనక్కి, మా వంటింటి దాకా వచ్చింది. మళ్ళీ చూసింది.

“చెప్పులు విప్పించింది ఇదా! కళ్ళజోడు తీయించింది ఇదా! నాకేం కావాలో దీనికి కాక ఇంకెవరికి తెలుస్తుంది? సౌజన్యా, నీకు తెలుసా ఈ సంగతి?”

“ఒట్టు పిన్నిగారూ, నాకు తెలియదు.”

వాళ్ళ హాల్లో యజ్ఞనారాయణగారు పేపరు చదువుతున్నారు. ఆవిడ వరండాలోంచే అడిగింది. “ఏమండీ, మీకు?”

ఆయన పేపరు తిరగేశారు. ఆ పేజీ అప్పుడే చదివారని నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు.

ఆవిడ మా గడప మీద కూర్చుండిపోయింది. “అందరికీ తెలుసు, నాకు తప్ప” అంది. ఆ మాట ఎక్కడ విన్నదో వెంటనే గుర్తొచ్చినట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అక్కయ్య దగ్గర దాచారంటే లోపముండి దాచారు. నా దగ్గర ఎందుకు దాచినట్టు? అబ్బాయి బాగానే ఉన్నాడు కదే. నా పిల్ల నా ఇంటికే పుల్లయ్యని వెంటబెట్టుకుని దొంగదారిన రావాల్సొచ్చింది.”

నాకు ఓదార్పు మాటలు రావు. పప్పు అడుగంటుతోందని లోపలికి వెళ్ళాను. ఆవిడే నా వెనక వచ్చి, వేలాడుతున్న రిసీవర్ అందుకుని పుల్లయ్యగారితో మాట్లాడింది. వచ్చే ఆదివారం పెళ్ళిచూపులకి రమ్మంది. అబ్బాయి కళ్ళు వెతకడం అయిందా అని ఆయన అడిగినట్టున్నారు. “కన్ను బాగానే ఉందండీ. దూరం నుంచి చూశాను” అంది. తను చూసినదాని గురించి ఆ వారమంతా కూతురితో ఒక్క ముక్క అనలేదు. నన్నూ అననివ్వలేదు. అనుమానాలన్నీ బయటికి కక్కే మనిషి ఒక నిజాన్ని ఎలా లోపల దాచుకుందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఆదివారం సాయం చెయ్యడానికి వెళ్ళాను. హాల్లో గోడ మీద ఆ బట్ట లేదు, కేలండర్లు తిరిగొచ్చాయి. రసజ్ఞ తలంటుకుని వచ్చి, బీరువా తలుపు తీసి, “ఏ చీర కట్టుకోనమ్మా?” అంది.

పుణ్యవతిగారు మంచం మీద కూర్చుని ఏదో కుడుతోంది. పక్కన ఇస్త్రీ చేసిన చిలకపచ్చ చుడీదార్ మడత పెట్టి ఉంది. చేతిలో ఉన్నది పసుపు చున్నీ.

“చీరెందుకు? ఇది వేసుకో. ఆ అబ్బాయికి అలవాటైనది ఇదే కదా. అంచు కొంచెం ఊడింది, కుట్టేస్తున్నాను.”

రసజ్ఞ బీరువా తలుపు పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆ పిల్ల ముఖం ఎర్రబడి, పాలిపోయి, మళ్ళీ ఎర్రబడింది. వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కింద కూర్చుంది. తడి జుట్టు నీళ్ళు ఆవిడ చీర మీద కారుతున్నాయి. ఆవిడ జరగలేదు.

“ముందే చెబితే ఒప్పుకునేదాన్నే కదే” అంది పుణ్యవతిగారు, సూది మీంచి చూపు తిప్పకుండా.

“నిజంగా ఒప్పుకునేదానివా అమ్మా?”

ఆవిడ కుట్టు ఆపింది. చున్నీ ఒళ్ళో పెట్టుకుని, కూతురి ముఖం కేసి చూస్తూ చాలాసేపు ఆలోచించింది.

“అనుమానమే” అంది.